పెద్ద సంఖ్య ధర్మాలు కనుక్కోవడం ఎలా: 12,34,56,789తో మొదటి నుంచి చివరి దాకా

తొమ్మిది పది అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి "దీని ధర్మాలు రాయండి" అంటే చాలామంది తోచిన చోట మొదలుపెడతారు. ఒకరు అంకెలు కూడతారు, ఒకరు వర్గమూలం తీస్తారు, ఇంకొకరు నేరుగా ఫోను తెరుస్తారు. పోటీ పరీక్షలకు చదివేవారూ బడిలో గణితం చెప్పేవారూ పదేపదే అడిగేది ఒకటే: ఏది ముందు, ఏది తరవాత?

వరుస ఇది. ప్రధాన కారణాంకాలు దొరికేవరకు ఒక దశ, దొరికాక మరో దశ. కష్టమంతా మొదటిదానిలోనే ఉంది. రెండోది కొన్ని గుణకారాలు, అంతే. చాలామంది చిక్కుకునేది మొదటిది పూర్తికాకుండానే రెండోదానిలోకి దూకడం వల్ల.

ఉదాహరణకు 1 నుంచి 9 దాకా వరుసగా రాస్తే వచ్చే 12,34,56,789ని తీసుకుందాం. పైకి ఎంతో క్రమంగా కనిపిస్తుంది, లోపల ఆ క్రమం జాడ కూడా ఉండదు. అందుకే సాధనకు మంచిది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

☐ 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యల జాబితా. గుర్తుంటే సరే, లేకపోతే కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

☐ కనీసం 10 అంకెలు చూపించే కాలిక్యులేటర్.

☐ రెండు కాగితాలు. ఒకటి లెక్కకు, ఇంకొకటి తేలిన ఫలితాలకు. రెండూ కలిపితే చివరికి ఏది సంఖ్యో ఏది శేషమో తెలియకుండా పోతుంది.

☐ ఒక నియమం: ప్రతి భాగహారాన్నీ గుణకారంతో సరిచూశాకే ముందుకు వెళ్లాలి.

కంప్యూటర్ వాడేవారికి ఒక హెచ్చరిక. ఎక్సెల్ 15 అంకెలు మాత్రమే కచ్చితంగా నిలుపుకుంటుంది, ఆపై అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. మీరు 18 అంకెలు టైపు చేసి భాజనీయత చూస్తుంటే, మీది కాని వేరే సంఖ్యను పరీక్షిస్తున్నట్టే. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకు ఈ ఇబ్బంది లేదు. కానీ అక్కడ కూడా ఒక్క గీత (/)తో భాగిస్తే దశాంశ రూపం వచ్చి చివరి అంకెలు చెడిపోవచ్చు. రెండు గీతలు (//) పెట్టండి.

## 2. కామాలు తీసేసి మూడేసి అంకెలుగా రాయండి

మన లెక్కలో కామాలు కుడివైపు మూడు అంకెల తరవాత ఒకటి, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి పడతాయి. చదవడానికి అది హాయి: పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. కానీ ఇప్పుడు చేయబోయే పరీక్షలకు ఆ గుంపులు పనికిరావు.

కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి:

123 | 456 | 789

కామాల మధ్య ఉన్న 12, 34, 56, 789లను అలాగే తీసుకుని కూడినవారి శేషాలు తప్పుతాయి. ఇది మన దగ్గర చాలా మామూలుగా జరిగే పొరపాటు.

## 3. సులువుగా వచ్చే శేషాలు ముందు తీయండి

ఒక్క నిమిషంలో తేలిపోయేవి ఇవి.

చివరి అంకె 9. కాబట్టి 2తో, 5తో పోదు. చివరి రెండు అంకెలు 89 కనుక 4తో శేషం 1. చివరి మూడు అంకెలు 789 కనుక 8తో శేషం 5. ఈ రెండు శేషాలనూ రాసి ఉంచుకోండి, 7వ అడుగులో పని ఉంది.

అంకెల మొత్తం 45. కాబట్టి 9తో నిశ్శేషంగా పోతుంది.

ఇప్పుడు మూడేసి గుంపుల ఉపయోగం. 1001 = 7 × 11 × 13 కాబట్టి, గుంపులను కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే మూడు పరీక్షలు ఒకేసారి అయిపోతాయి:

789 − 456 + 123 = 456

456ను 7తో భాగిస్తే శేషం 1, 11తో 5, 13తో 1. మూడింటిలో దేనితోనూ పోదు.

అలాగే 999 = 27 × 37. ఈసారి గుంపులన్నీ కూడటమే:

123 + 456 + 789 = 1368, మళ్లీ 1 + 368 = 369

369ని 37తో భాగిస్తే 36 మిగులుతుంది, 27తో భాగిస్తే 18 మిగులుతుంది. రెండింటితోనూ పోదు.

ఇక్కడ జరిగే తప్పు: అంకెల మొత్తం సూత్రాన్ని 27కు కూడా వాడటం. అది 3కు, 9కి మాత్రమే చెల్లుతుంది. 1899 అంకెల మొత్తం 27, అయినా 1899ని 27తో భాగిస్తే 9 మిగులుతుంది. 27 కోసం పైన చేసినట్టు మూడేసి గుంపులే కూడాలి.

## 4. వర్గమా, ఘనమా?

కారణాంకాల జోలికి వెళ్లకముందే ఇది తేల్చవచ్చు.

11,111² = 12,34,54,321. 11,112² = 12,34,76,544. మన సంఖ్య ఈ రెండింటి మధ్యన ఉంది కాబట్టి వర్గం కాదు. 497³ = 12,27,63,473. 498³ = 12,35,05,992. ఘనమూ కాదు.

వర్గమూలం 11,111 కన్నా కొద్దిగా ఎక్కువ అని తేలింది. ఈ విలువ కాగితం మీద ఉంచండి, వెంటనే అవసరం పడుతుంది.

వర్గం అవునో కాదో చూడటానికి చివరి అంకెలు ఎంతో సాయం చేస్తాయి. వర్గం 2, 3, 7, 8తో ముగియదు. 5తో ముగిస్తే దాని ముందు 2 ఉండి తీరాలి. సున్నాలతో ముగిస్తే అవి సరిసంఖ్యలో ఉండాలి. ఈ మూడు మాటలూ గుర్తుంటే వచ్చే అడుగులో కాలిక్యులేటర్ వాడకం సగానికి తగ్గుతుంది.

## 5. ప్రధాన కారణాంకాలు

ఈ అడుగును తొందరపడకుండా చేయండి. మిగతావన్నీ దీనిమీదే నిలబడతాయి.

### 5.1 దొరికినదాన్ని వెంటనే భాగించి పక్కన పెట్టండి

12,34,56,789 ÷ 9 = 1,37,17,421

ఇక నుంచి పని 1,37,17,421తోనే. దీని అంకెల మొత్తం 26, కాబట్టి ఇంకో 3 లేదు. 3 ఘాతాంకం 2 దగ్గర ఆగింది.

"మళ్లీ పోతుందా" అని చూడటం మరవొద్దు. ఒకసారి భాగించి తరవాతి ప్రధాన సంఖ్యకు వెళ్లిపోతే ఘాతాంకం తప్పుతుంది, దానితో భాజకాల సంఖ్య, మొత్తం అన్నీ తప్పుతాయి.

### 5.2 100 లోపు ప్రధాన సంఖ్యలతో ప్రయత్నించండి

7, 11, 13, 37తో పోదని ముందే తేలింది. 17 నుంచి 97 దాకా మిగిలినవాటితో భాగించి చూడండి. దేనితోనూ పోదు.

ఇప్పుడు ఆగి ఆలోచించాలి. 1,37,17,421 వర్గమూలం దాదాపు 3703.7. ఇలాగే పోతే 3703 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి. అవి 500కు పైగా ఉన్నాయి. చేత్తో చేయడం సాధ్యమే కానీ, ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. అందుకే పద్ధతి మార్చండి.

### 5.3 ఫెర్మా పద్ధతిలో కొన్ని అడుగులు

బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే, ఆ రెండు మూలాల మొత్తమూ భేదమూ దాని కారణాంకాలు అవుతాయి. పద్ధతి ఇది:

1. వర్గమూలం కన్నా పెద్దదైన మొదటి పూర్ణ సంఖ్యను తీసుకోండి.
2. దాని వర్గం నుంచి మన సంఖ్యను తీసివేయండి.
3. మిగిలింది వర్గమైతే పని అయిపోయింది. కాకపోతే ఒకటి పెంచి మళ్లీ చేయండి.

చేసి చూద్దాం.

3704² = 1,37,19,616. తీసివేస్తే 2195. 95తో ముగుస్తోంది, 5 ముందు 2 లేదు. వర్గం కాదు.

3705² = 1,37,27,025. తీసివేస్తే 9604. ఇది 98².

కాబట్టి కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. ఐదు వందల భాగహారాలకు బదులు రెండు తీసివేతలు!

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకండి. రెండు కారణాంకాలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే ఇది పరుగెత్తుతుంది. చివరి 9 లేకుండా 1,23,45,678 తీసుకోండి. దాన్ని 2తో, 9తో భాగిస్తే 6,85,871 మిగులుతుంది. దాని కారణాంకాలు 47, 14,593. ఫెర్మా పద్ధతిలో మొదలుపెడితే 829 నుంచి 7320 దాకా నడవాలి, అంటే ఆరు వేలకు పైగా అడుగులు. మామూలు భాగహారంలోనైతే 47 పదిహేనో ప్రధాన సంఖ్య, ఇట్టే దొరుకుతుంది.

నేను చెప్పే వరుస: ముందు 100 లోపు భాగహారం, తరవాత ఫెర్మా పద్ధతిలో పది ఇరవై అడుగులు, అప్పటికీ దొరకకపోతే మళ్లీ భాగహారం లేదా కంప్యూటర్. రెండింటిలో ఏదో ఒకదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

### 5.4 మిగిలినవి నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

కారణాంకం దొరికింది కదా అని ఆగిపోవడం తప్పు. 3607 వర్గమూలం 60 దగ్గర ఉంది, 59 దాకా ప్రధాన సంఖ్యలతో చూడాలి. 3803కు 61 దాకా చూడాలి. రెండూ దేనితోనూ పోవు. ప్రధాన సంఖ్యలే.

12,34,56,789 = 3² × 3607 × 3803

### 5.5 సరిచూసుకోవడం

3607 × 3803 చేసి 1,37,17,421 వచ్చిందో లేదో చూడండి. అదనంగా 9తో భాగిస్తే వచ్చే శేషాలు కూడా పోల్చండి: 3607కు 7, 3803కు 5, 7 × 5 = 35కు 8. 1,37,17,421 అంకెల మొత్తం 26కు కూడా 8. సరిపోయింది.

9 శేషం ఒక్కటే చాలదు. రెండు అంకెలు తారుమారైతే అది పట్టుకోలేదు. 11 శేషం కూడా చూడండి: 3607కు 10, 3803కు 8, 80కి 3. గుంపుల పద్ధతిలో 421 − 717 + 13 = −283, దీనికి 286 కలిపితే 3. ఇదీ సరిపోయింది.

## 6. భాజకాలు, వాటి మొత్తం

ఇక్కడి నుంచి దారి నల్లేరు మీద నడకే.

ఎన్ని భాజకాలు? ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించండి: 3 × 2 × 2 = 12. జతలుగా రాస్తే ఏదీ తప్పిపోదు:

- 1 × 12,34,56,789
- 3 × 4,11,52,263
- 9 × 1,37,17,421
- 3607 × 34,227
- 3803 × 32,463
- 10,821 × 11,409

భాజకాల మొత్తం: (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803) = 13 × 3608 × 3804 = 17,84,22,816.

ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 5,49,66,027. ఇది అసలు సంఖ్య కన్నా చిన్నది. అంటే సంఖ్యను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడినా సంఖ్యంత రావు. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యల్లో ఆ మొత్తం సరిగ్గా సంఖ్యకు సమానం అవుతుంది. ఇక్కడ సగం కూడా రాలేదు.

పరస్పర ప్రధాన సంఖ్యలు ఎన్ని? సంఖ్యకన్నా చిన్నవై, దానితో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఎన్నో చెప్పేది ఆయిలర్ ఫై ప్రమేయం. 3²కు 9 − 3 = 6, మిగతా రెండింటికి ఒకటేసి తగ్గించాలి: 6 × 3606 × 3802 = 8,22,60,072.

తప్పు: 3²కు (3 − 1)² = 4 అని రాయడం. ఘాతాంకం 2 ఉన్నప్పుడు 3 × (3 − 1) వస్తుంది.

## 7. వర్గాల మొత్తంగా, భేదంగా

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

సంఖ్యను 4తో భాగిస్తే శేషం 1 అని 3వ అడుగులో చూశాం. "శేషం 1 వస్తే రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు" అని చాలామందికి గుర్తు. అది ప్రధాన సంఖ్యలకు మాత్రమే చెల్లే మాట. సంయుక్త సంఖ్యకు నియమం వేరు: 4తో శేషం 3 వచ్చే ప్రతి ప్రధాన కారణాంకం ఘాతాంకం సరిసంఖ్య అయి ఉండాలి.

3607కు శేషం 3, 3803కు కూడా 3. రెండింటి ఘాతాంకమూ 1. కాబట్టి 12,34,56,789ని రెండు పూర్ణ సంఖ్యల వర్గాల మొత్తంగా రాయడం కుదరదు. రెండు 3 శేషాలు గుణించుకుని 9 అయి, అందులోంచి శేషం 1 బయటపడింది. అదే కళ్లకు గంతలు కట్టింది.

మూడు వర్గాల మొత్తంగా మాత్రం రాయవచ్చు. దానికి అడ్డుపడేది ఒకే రకం సంఖ్య: 4తో పోయినన్నిసార్లు భాగించాక 8తో శేషం 7 వచ్చేది. మనకు 8తో శేషం 5.

వర్గాల భేదంగా ఎన్ని విధాలు? బేసి సంఖ్య కాబట్టి ప్రతి భాజకాల జతా ఒక విధం ఇస్తుంది. ఆరు జతలు, ఆరు విధాలు. జతలోని రెండింటి సగటు పెద్ద మూలం, తేడాలో సగం చిన్న మూలం. చివరి జతతో:

11,115² − 294² = 12,35,43,225 − 86,436 = 12,34,56,789

అంటే 9 తీసేయకుండానే ఫెర్మా పద్ధతి మొదలుపెట్టినా 11,112 నుంచి నాలుగో అడుగులో దొరికేది. వచ్చే శేషాలు 19,755, 41,980, 64,207. మూడూ చివరి అంకెలు చూడగానే కొట్టివేయదగ్గవే.

త్రిభుజాకార సంఖ్యా, అంటే 1 + 2 + 3 + … అని వరుసగా కూడితే వచ్చేదా? 8తో గుణించి 1 కలిపితే వర్గం రావాలి. 98,76,54,313 వచ్చింది, 3తో ముగిసింది. కాదు.

## 8. అంకెల మీద ఆధారపడేవి వేరుగా రాయండి

అంకెల మొత్తం 45, అంకెల లబ్ధం 3,62,880 లాంటివి మనం పదుల పద్ధతిలో రాస్తున్నాం కాబట్టి వచ్చినవి. కారణాంకాలు, భాజకాలు ఏ పద్ధతిలో రాసినా మారవు. ఫలితాల కాగితం మీద ఈ రెండు రకాలనూ కలపకండి.

వీటిలో పనికొచ్చేది ఒకటుంది. 1 నుంచి 9 అంకెలను ఒక్కొక్కసారే వాడి ఎలా తారుమారు చేసినా మొత్తం 45 మారదు. అంటే అలా వచ్చే 3,62,880 సంఖ్యల్లో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు.

ద్విసంఖ్యామానంలో, నాలుగేసి గుంపులుగా:

111 0101 1011 1100 1101 0001 0101

మొత్తం 27 స్థానాలు, వాటిలో 16 ఒకట్లు. స్థానాల సంఖ్య సరిచూడటానికి 2 ఘాతాలు చాలు: 2²⁶ = 6,71,08,864, 2²⁷ = 13,42,17,728. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది.

## 9. విభజన దొరకకపోతే

అన్ని సంఖ్యలూ ఇంత సులువుగా లొంగవు. అప్పుడు చేయవలసినవి:

☐ ముందు అది ప్రధాన సంఖ్య కావచ్చేమో చూడండి. ప్రధాన సంఖ్యను విడగొట్టాలని గంటలు గడపడం వృథా.

☐ ఫెర్మా పరీక్ష ఒక్కదాన్నే నమ్మవద్దు. ఇది 5.3లోని పద్ధతి కాదు: ఆధారం అనే చిన్న సంఖ్యను, పరీక్షించే సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూసేది. 341 = 11 × 31 అయినా, ఆధారం 2తో ఆ పరీక్షను దాటేస్తుంది. 561 ఇంకా మాయగాడు: తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో చూసినా ప్రధాన సంఖ్యలాగే నటిస్తుంది.

☐ దీనికన్నా గట్టిదైన మిల్లర్–రాబిన్ పరీక్ష వాడండి. 3,21,50,31,751 కన్నా చిన్న సంఖ్యలకు 2, 3, 5, 7 ఆధారాలతో చేస్తే జవాబు కచ్చితం. సరిగ్గా ఆ సంఖ్య దగ్గరే ఈ నాలుగూ కలిసి మోసపోతాయి.

☐ లినక్స్ ఉంటే టెర్మినల్‌లో ఫ్యాక్టర్ అనే ఆదేశం పక్కన సంఖ్య రాస్తే చాలు. వచ్చిన జవాబును గుణించి చూడటం మానకండి.

ఎంతవరకు ప్రయత్నించాలో తెలియడం కూడా నైపుణ్యమే. విడగొట్టమని సవాలుగా ప్రకటించిన 250 అంకెల సంఖ్య ఆర్‌ఎస్‌ఏ–250ని 2020లో విడగొట్టడానికి ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేయవలసి వచ్చింది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం వందల అంకెల్లో ఉంటే, "సంయుక్త సంఖ్య, కారణాంకాలు దొరకలేదు" అని రాయడం తప్పు కాదు.

## 10. సాధనకు: 98,76,54,321

అంకెలు తిరగేసి ఇదే వరుసలో చేయండి. మీ జవాబులు వీటితో పోల్చుకోండి.

- విభజన: 3² × 17² × 3,79,721. ఇక్కడ 17 రెండుసార్లు పోతుంది, 5.1లో చెప్పిన జాగ్రత్త అవసరం.
- 3,79,721 ప్రధాన సంఖ్యే. తేల్చడానికి 613 దాకా చూడాలి, ఫెర్మా పద్ధతి సాయపడదు.
- భాజకాలు: 3 × 3 × 2 = 18
- భాజకాల మొత్తం: 13 × 307 × 3,79,722 = 1,51,54,70,502
- పరస్పర ప్రధాన సంఖ్యలు: 6 × 272 × 3,79,720 = 61,97,03,040
- రెండు వర్గాల మొత్తం: రాయవచ్చు. 3 ఘాతాంకం సరిసంఖ్య. 17కు, 3,79,721కి 4తో శేషం 1.

రెండు సంఖ్యల గ.సా.భా. కోసం ఈ విభజనలు కూడా అక్కర్లేదు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి: 98,76,54,321 − 8 × 12,34,56,789 = 9. శేషం 9, అది చిన్న సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. గ.సా.భా. 9.